ఇల్లు ఉంది... దారే లేదు!

‘సార్, రూమ్స్ రెడీగా ఉన్నాయి. గీజర్ కూడా బాగు చేయించాను. ఎన్నింటికి దిగుతున్నారు?’

2024 సెప్టెంబర్ 1, ఆదివారం ఉదయం. అరకు నుంచి వచ్చిన మెసేజ్ ఇది. కింద ఓ ఫొటో కూడా పెట్టారు. చిన్న పెంకుటిల్లు, వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల సగం మబ్బుల్లో మునిగిన కొండ. నేనప్పుడు హైదరాబాద్‌లో, మంచం మీద కూర్చుని అదే ఫోన్‌లో ఇంకో ఫొటో చూస్తున్నా. అది మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు మార్గం. పట్టాలు ఉన్నాయి. వాటి కింద ఉండాల్సిన కంకరా, మట్టీ మాత్రం లేవు. పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి, కింద నుంచి నీళ్లు పోతున్నాయి.

మా రైలు ఆ రోజు సాయంత్రమే. వెళ్లాల్సింది ఆ పట్టాల మీదుగానే.

మేం నలుగురం. నేను, మా రూమ్మేట్, ఆఫీసులో ఇంకో ఇద్దరు. ప్లాన్ చాలా సింపుల్. ఆదివారం రాత్రి రైలు, సోమవారం పొద్దున వైజాగ్, అక్కణ్నుంచి కారులో అరకు. సోమ, మంగళవారాలు అక్కడే ఉండి బుధవారం తిరుగు ప్రయాణం. శనివారం వినాయక చవితికి ఎవరిళ్లకు వాళ్లం. వానాకాలం అరకు అంటే చాలామంది మొహం చిట్లిస్తారు గానీ, నా లెక్కలో అదే అసలు సీజన్. జనం ఉండరు, రేట్లు దిగుతాయి, మబ్బులు కిటికీ దాకా వస్తాయి.

ఓ యాప్‌లో హోమ్‌స్టే దొరికింది. రెండు గదులు, రెండు రాత్రులు, 12,000 రూపాయలు. పే బటన్ పైన రెండు ఆప్షన్లు ఉన్నాయి. ఒకటి మామూలుది, ఐదు రోజుల ముందు వరకూ క్యాన్సిల్ చేస్తే డబ్బు వాపసు. రెండోది ‘నాన్ రీఫండబుల్’, పది శాతం తక్కువ. నేను రెండో దాని మీద నొక్కా. 10,800 కట్టా. మిగిలింది 1,200. తలా 300. ఒక బిర్యానీ డబ్బులు! ఆ బిర్యానీ సంగతి తర్వాత మా గ్రూప్‌లో చాలాసార్లు వచ్చింది లెండి.

ఆదివారం మధ్యాహ్నానికి రైలు రద్దయిందని మెసేజ్ వచ్చింది. మాదొక్కటే కాదు, ఆ మార్గంలో వందల రైళ్లు ఆగిపోయాయి. బస్సు చూద్దామంటే విజయవాడ హైవే మీద నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్లు రోడ్డెక్కేశాయి. ప్రకాశం బ్యారేజీకి వచ్చిన వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, ఆ బ్యారేజీ చూసిన వరదల్లో అదే పెద్దది. ఇక మిగిలింది ఫ్లైట్. వైజాగ్‌కి నలుగురి టికెట్లు కలిపి చూస్తే హోమ్‌స్టే బిల్లుకి మూడు రెట్లుంది. ఫోన్ పక్కన పడేశాం.

ఇక్కడో మాట చెప్పాలి. మా రూమ్మేట్‌ది విజయవాడ, సింగ్‌నగర్. బుడమేరు నీళ్లు ముందు చేరిన ప్రాంతాల్లో అదొకటి. ఆదివారం పొద్దున వాళ్ల నాన్న ఫోన్‌లో ‘గుమ్మం దాకా వచ్చాయిరా’ అన్నారు. మధ్యాహ్నానికి కింది పోర్షన్ మునిగింది. సాయంత్రానికి ఆ ఫోన్ స్విచ్చాఫ్. వాడు బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూ కనిపించిన ప్రతి హెల్ప్‌లైన్ నంబరుకీ కొడుతున్నాడు. నేను హాల్లో కూర్చుని రీఫండ్ కోసం యాప్ వాళ్లతో చాట్ చేస్తున్నా. ఆ రోజు ఆ రెండు పనులూ ఒకే ఫ్లాట్‌లో జరిగాయి. అలా జరగకూడదేమో, కానీ జరిగాయి.

* * *

మేం కట్టిన డబ్బు మూడు చోట్ల ఉంది. మూడు చోట్లా మూడు రకాల మర్యాదలు జరిగాయి.

రైల్వేతో గొడవే లేదు. రైలును వాళ్లే రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది, మనం టీడీఆర్ కూడా వేయక్కర్లేదు. ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు మాత్రం రాదు. అరకు వెళ్లేవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఒక టికెట్, వైజాగ్ నుంచి అరకుకి ఇంకో టికెట్ తీసుకుంటారు కదా. మొదటి రైలు ఆలస్యమై రెండోది వెళ్లిపోతే ఆ రెండో టికెట్ సంగతేంటి? 2019 ఏప్రిల్ నుంచి రైల్వే ఇలాంటి రెండు పీఎన్ఆర్‌లను లింక్ చేసుకోనిస్తోంది. రెండింట్లో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి, మొదటి రైలు దిగే స్టేషన్‌లోనే రెండోది ఎక్కాలి. అలా లింక్ చేస్తే, కనెక్షన్ తప్పినప్పుడు వెళ్లని భాగానికి డబ్బు అడగొచ్చు. టికెట్ బుక్ చేసేటప్పుడు పైసల్లో తీసుకునే ఇన్సూరెన్స్ ఉంటుంది చూడండి, అది మాత్రం దీనికి పనికిరాదు. అది ప్రమాదాలకే.

వైజాగ్ కారు డ్రైవరన్నకు వెయ్యి అడ్వాన్స్ పంపాం. రైలు రద్దయిందని చెప్పగానే ‘టీవీలో చూశాను బాబూ, మీరు జాగ్రత్త’ అన్నాడు. పది నిమిషాల్లో వెయ్యీ వెనక్కి వచ్చింది. మేం అడగలేదు కూడా. ట్యాంకులో డీజిల్ పోయించలేదు కాబట్టి నష్టం లేదన్నాడు. ఆ రెండు రోజులూ అతనికి వేరే బేరం దొరికిందో లేదో మేం అడగలేదు.

ఇక హోమ్‌స్టే. యాప్ కస్టమర్ సపోర్ట్‌కి రైలు రద్దయిన మెసేజ్ స్క్రీన్‌షాట్, హైవే ఫొటో, వార్తల లింకు పంపించా. ఇరవై నిమిషాల తర్వాత జవాబు. ‘మీ ఇబ్బందికి చింతిస్తున్నాం. మీరు బుక్ చేసిన ప్రాపర్టీ అందుబాటులోనే ఉంది. మీ బుకింగ్ నాన్ రీఫండబుల్. హోస్ట్ ఒప్పుకుంటే రీఫండ్ ఇవ్వగలం.’ హోస్ట్‌కి మెసేజ్ పెడితే ఆయన జవాబు ఇంకా చిన్నది. ‘సార్, ఇల్లు బాగానే ఉంది. రూల్స్ యాప్ వాళ్లవి.’

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఓ రివ్యూ రాసిపెట్టుకున్నా. ఒక స్టార్. ‘వరదల్లో కూడా మానవత్వం లేని మనిషి’ అని మొదలైంది. బస చేయనిదే ఆ యాప్ రివ్యూ రాయనివ్వదని తర్వాత తెలిసింది. అదే నన్ను కాపాడింది.

* * *

మా పని భాషలో దీన్ని చెప్పడం తేలిక. సర్వర్ అప్‌లో ఉంది, నెట్‌వర్క్ డౌన్. సర్వర్ టీమ్‌ని అడిగితే ‘మా వైపు అంతా గ్రీన్’ అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. యూజర్‌కి పేజీ రావట్లేదు, అదీ అబద్ధం కాదు. మరి బిల్లు ఎవరు కట్టాలి? ఆఫీసులో అయితే దీనికి ముందే ఎస్‌ఎల్‌ఏ అని ఓ కాగితం రాసుకుంటాం, అందులో ప్రతి లైను మీదా గొడవపడతాం. సెలవులకు ఇల్లు బుక్ చేసేటప్పుడు అదే కాగితాన్ని ఒక్క వేలితో కిందికి తోసేసి ‘ఐ అగ్రీ’ నొక్కేస్తాం.

ఆ వారం ఆ కాగితాలన్నీ కూర్చుని చదివా. మేం వాడిన యాప్‌ది మాత్రమే కాదు, పెద్ద కంపెనీలవీ చదివా. వీటిలో ఎక్కువ వివరంగా ఉన్నది ఎయిర్‌బీఎన్‌బీది. 2024 జూన్ 6 నుంచి దాని పేరు ‘మేజర్ డిస్రప్టివ్ ఈవెంట్స్ పాలసీ’. ప్రకృతి విపత్తులు, ప్రభుత్వం పెట్టే ప్రయాణ నిషేధాలు, ప్రకటించిన అంటువ్యాధులు, పెద్ద ఎత్తున కరెంటో నీళ్లో ఆగిపోవడం లాంటివి వస్తే, ఓనర్ పెట్టుకున్న క్యాన్సిలేషన్ నియమం ఏదైనా సరే పక్కన పెట్టి అతిథికి డబ్బు ఇస్తారు. అయితే ఆ విపత్తు రావాల్సింది మనం బుక్ చేసిన చోట. మన వైపు రైలు, బస్సు, ఫ్లైట్ రద్దయితే అది విడి సంగతి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ సీజన్‌లో అక్కడ ఎప్పుడూ వచ్చే తుఫాను లాంటిదైతే, తుఫాను వచ్చిందన్న ఒక్క కారణం చాలదు. దానివల్ల జనాన్ని ఖాళీ చేయించడమో, కరెంటు పోవడమో జరగాలి. అంటే అక్టోబర్, నవంబర్‌లలో మన కోస్తాలో బీచ్ పక్కన ఇల్లు బుక్ చేసేవాళ్లు ఈ లైను రెండుసార్లు చదవాలి.

అంటే ప్రశ్న ‘మీరు రాగలరా’ అని కాదు, ‘ఇల్లు ఉందా’ అని. మాకు మొదట అన్యాయం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే దానికీ ఓ కారణం కనపడింది. అరకులో ఒక ఇంటికి హైదరాబాద్ నుంచి, కోల్‌కతా నుంచి, రాయ్‌పూర్ నుంచి మనుషులొస్తారు. ఇన్ని దార్లలో ఎక్కడ నీళ్లొచ్చినా ఆ ఇంటివాళ్లే భరించాలంటే ఎలా?

దీనికి మించిన పాత కథ ఒకటి దొరికింది. 1902 జూన్‌లో లండన్‌లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం. ఊరేగింపు వెళ్లే పాల్ మాల్ వీధిలో ఒకాయన తన ఫ్లాట్‌ను ఆ రెండు పగళ్లకు 75 పౌండ్లకు అద్దెకిచ్చాడు. అవతలాయన 25 పౌండ్లు అడ్వాన్స్ ఇచ్చాడు. ఇంతలో రాజుగారికి అపెండిసైటిస్ వచ్చి ఊరేగింపు వాయిదా పడింది. ‘నా ఫ్లాట్ ఉంది కదా, మిగతా 50 పౌండ్లు ఇవ్వు’ అని ఓనర్ కోర్టుకెక్కాడు. క్రెల్ వర్సెస్ హెన్రీ అని, లా చదివేవాళ్లందరికీ తెలిసిన కేసు ఇది. కిటికీ ఉన్నా ఊరేగింపు లేకపోతే ఒప్పందానికి పునాదే లేదు, మిగతా డబ్బు కట్టక్కర్లేదని 1903లో తీర్పొచ్చింది. అడ్వాన్స్ ఇచ్చిన 25 పౌండ్లు మాత్రం ఆయనకు తిరిగి రాలేదు. చూశారా, అప్పుడు కూడా చేతిలో పడ్డ డబ్బు చేతిలోనే ఉండిపోయింది.

మన దగ్గర 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 56వ సెక్షన్ దీని గురించే. ఒప్పందం చేసుకున్నాక అది చేయడం అసాధ్యమైపోతే ఆ ఒప్పందం చెల్లదు. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద పుచ్చుకున్నది తిరిగివ్వాలని 65వ సెక్షన్ అంటుంది. ఇవి చదివి నేను ఎగిరి గంతేశా. మా ఆఫీసులో భార్య లాయర్ అయిన ఓ అన్న ఉన్నాడు. ఆయన ద్వారా ఆవిణ్ని అడిగితే ఓపిగ్గా గాలి తీసేశారు. ‘అసాధ్యమైంది నీ ప్రయాణం. వాళ్లు ఇస్తామన్నది గది, అది సాధ్యమే. ఫ్లైట్లు కూడా తిరుగుతున్నాయి కదా? పైగా నాన్ రీఫండబుల్ అని నువ్వే ఎంచుకున్నావు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చెయ్, తప్పులేదు. కానీ కేసు బలంగా ఉందని మాత్రం అనుకోకు’ అన్నారు. కరోనా లాక్‌డౌన్ టికెట్ల డబ్బు వెనక్కివ్వమని 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది కదా అన్నా. ‘అది విమానాల సంగతి తమ్ముడూ. నీది ఇల్లు’ అన్నారు.

* * *

మా రూమ్మేట్ అమ్మానాన్నలు రెండు రాత్రులు మేడ మీదే ఉన్నారు. మంగళవారం పడవలో బయటికొచ్చారు. సెప్టెంబర్ 4కి కేసముద్రం దగ్గర పట్టాలు సరిచేసి రైళ్లను మెల్లగా వదలడం మొదలుపెట్టారు. దొరికిన మొదటి రైల్లో వాడు వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు వాడి నుంచి ఫొటోలే. బురద పట్టిన ఫ్రిజ్, ఉబ్బిపోయిన బీరువా తలుపు, ఆరబెట్టిన సర్టిఫికెట్లు.

రీఫండ్ గొడవ నేను వదిలేసినట్టే. చదివి, అర్థం చేసుకుని, ఓడిపోయానని ఒప్పేసుకున్నా. అప్పుడో రాత్రి వాడు ఫోన్ చేసి, అదీ ఇదీ మాట్లాడి చివర్లో అడిగాడు. ‘మామా, ఆ అరకు డబ్బులు ఏమైనా వచ్చాయారా?’

వాడి వాటా 2,700. ఎప్పుడూ లెక్క అడిగే మనిషి కాడు. నాకు కాసేపు మాట రాలేదు. ‘చూస్తున్నారా’ అన్నా.

మర్నాడు మొదటిసారి ఆ ఇంటాయనకు ఫోన్ చేశా. అప్పటిదాకా అంతా చాటే. ‘ప్రాపర్టీ’, ‘హోస్ట్’, ‘గెస్ట్’ అని తిట్టుకున్నామే తప్ప ఒకరి గొంతు ఒకరం వినలేదు. ఆయన రిటైర్డ్ టీచర్. పక్క ఊళ్లో బడి చెప్పేవారట. మాస్టారూ అని పిలిచా. ఉన్నదున్నట్టు చెప్పా. మా ముగ్గురి సంగతి వదిలేయండి, సింగ్‌నగర్ అబ్బాయి వాటా అయినా చూడండి అన్నా.

‘ముందే చెప్పొచ్చు కదా బాబూ’ అన్నారు. ‘నువ్వు స్క్రీన్‌షాట్లు పంపావు, మనుషుల సంగతి చెప్పలేదు. మీకోసం కోళ్లు తెప్పించాను, వంటావిడకి రెండు రోజులు వేరే పని ఒప్పుకోవద్దని చెప్పాను. ఆవిడకి సగం డబ్బు ఇచ్చేశాను కూడా. యాప్ వాళ్ల వాటా పోగా నాకొచ్చిందే తొమ్మిది వేల చిల్లర. ఇంటికి రేకులు మార్చిన లోనుంది, అందులోకి వెళ్లిపోయింది.’

కాసేపాగి, ‘ఆ అబ్బాయి నంబరు పంపు’ అన్నారు. ఆ సాయంత్రం వాడి ఫోన్‌పేలో 2,700 పడింది. మిగతా ముగ్గురికీ డబ్బు ఇవ్వలేనన్నారు. బదులుగా ఫిబ్రవరిలోగా ఎప్పుడైనా రమ్మన్నారు. డిసెంబర్ శని, ఆదివారాలు మాత్రం అడగొద్దు, వారం మధ్యలో రండి, తేడా ఏమీ ఇవ్వక్కర్లేదన్నారు.

మొదటి రోజే డబ్బు అడగడం మానేసి తేదీ మార్చమని అడిగుంటే, అది కూడా చాట్‌లో కాకుండా ఫోన్‌లో అడిగుంటే, పని అప్పుడే అయిపోయేదేమో. మీలో ఎవరికైనా ఇలాంటిది వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. మాట్లాడక ముందే కంగారులో ‘క్యాన్సిల్’ నొక్కకండి. నొక్కిన క్షణమే యాప్ తన రూల్ ప్రకారం లెక్క కట్టి తలుపు మూసేస్తుంది, ఆ తర్వాత ఓనర్ ఒప్పుకున్నా తేదీ మార్చడానికి బుకింగే మిగలదు. మేం నొక్కలేదు. తెలివితో కాదు, కోపంతో యాప్ మొహం చూడకపోవడం వల్ల.

* * *

డిసెంబర్‌లో ముగ్గురం వెళ్లాం. రూమ్మేట్ రాలేదు. ఇంటి పనులు ఇంకా తెమల్లేదు, లీవులన్నీ అక్కడే అయిపోయాయి.

ఈసారి వైజాగ్ నుంచి పొద్దున కిరండూల్ రైలే ఎక్కాం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైన్ ఇది. మనుషులు కొండలు చూడటానికి వేసింది కాదు. కానీ శృంగవరపుకోట దాటి రైలు కొండెక్కడం మొదలుపెట్టాక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలు అరిచారు, రెండో సొరంగం నుంచి మేమూ అరిచాం. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, ఒక్కో స్టేషన్‌కీ చలి ఒక్కో మెట్టు పెరిగింది. శిమిలిగుడలో 996 మీటర్లు అని రాసిన బోర్డు కింద అందరిలాగే ఫొటో దిగాం. అది దాటాక లోయ ఒక్కసారిగా విచ్చుకుంది. వలిసె పూల కాలం. పొలాలు పొలాలే పసుపు. ఇన్‌స్టాలో చూసినప్పుడు ఫిల్టర్ అనుకునేవాణ్ని, కాదు.

ఫొటోలో చూసిన ఇల్లే. వరండాలో ఆ రెండు కుర్చీలే. మూడు నెలలు ఆ ఫొటోను కోపంగా చూశాను కదా, ఏ కుర్చీకి చెయ్యి విరిగిందో కూడా నాకు తెలుసు. మాస్టారు ఎదురొచ్చి ‘దారి బాగుందా బాబూ?’ అని అడిగారు. మామూలుగా అందరూ అడిగే మాటే. ఆయన అడిగేసరికి ముగ్గురం నవ్వేశాం, కాస్త ఆలస్యంగా ఆయన కూడా నవ్వారు.

ఇంటి వెనక అరెకరం కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ పళ్లు ఎర్రబడి కోతకొచ్చాయి. వంటావిడ బొంగు చికెన్ చేసింది. కారం, మసాలా పట్టించిన ముక్కల్ని వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడమే. నూనె చుక్క ఉండదు. వెదురు పైన నల్లగా మాడుతుంటే లోపల కోడి తన నీళ్లలోనే ఉడుకుతుంది. రోడ్డు మీద బళ్ల దగ్గర దొరికే దానికీ దీనికీ పోలికే లేదు. తింటుండగా ఆవిడ ‘అప్పుడు మీరేనా రానోళ్లు?’ అని అడిగింది. ఔనన్నాం. ‘ఆ కోళ్లు మేమే తిన్నాం’ అంది.

నవ్వుతూనే అంది గానీ నాకది గుచ్చుకుంది. నేను చదివిన పాలసీలన్నింట్లో అతిథి ఉన్నాడు, హోస్ట్ ఉన్నాడు, కంపెనీ ఉంది. రెండు రోజులు వేరే పని మానుకున్న వంటావిడ ఏ పేజీలోనూ లేదు.

రాత్రి చలిమంట దగ్గర మాస్టారు తన క్యాలెండర్ తీసుకొచ్చి చూపించారు. గోడకు తగిలించే తెలుగు క్యాలెండరే. తిథుల పక్కన బుకింగులు పెన్సిల్‌తో రాసుకుంటారు. సెప్టెంబర్ పేజీ తిప్పారు. 2, 3 తేదీల్లో మా పేరు, దాని మీద ఓ గీత. దాని కింది వరసలో ఇంకో మూడు గీతలు.

‘మీ తర్వాతి వారం వాన ఇక్కడే దంచింది. మన్యంలో కొండచరియలు జారాయి. ఆ వారం రావాల్సినవాళ్లకి మొత్తం డబ్బు వెనక్కి వెళ్లిపోయింది, నన్ను అడగను కూడా అడగలేదు. మీకేమో రూపాయి ఇవ్వొద్దన్నారు. వాళ్లకేమో రూపాయి ఉంచుకోవద్దన్నారు. వాన ఒకటే కదా బాబూ?’

నా దగ్గర జవాబు లేదు. 2020 సంగతి చెప్పా. కరోనా మొదలైనప్పుడు ఎయిర్‌బీఎన్‌బీ, మార్చి 14కి ముందు చేసిన బుకింగులకు ఓనర్ల నియమాలు పక్కన పెట్టి అతిథులకు మొత్తం డబ్బు ఇచ్చేసింది. ప్రపంచమంతా ఓనర్లు మండిపడ్డారు. తమతో ముందు మాట్లాడాల్సిందని కంపెనీ అధిపతి బ్రయన్ చెస్కీ వాళ్లకు క్షమాపణ చెప్పుకున్నాడు, 25 కోట్ల డాలర్లు పక్కన పెట్టాడు. అందులోంచి ఓనర్లకు దక్కింది, క్యాన్సిలేషన్ నియమం ప్రకారం రావాల్సిన దాంట్లో నాలుగో వంతు. మాస్టారు శ్రద్ధగా విన్నారు. ‘నాలుగో వంతైనా ఇచ్చారు’ అని నిప్పులు కదిపారు.

అతిథి డబ్బు అతిథికి ఇచ్చేయాల్సిందే అని సెప్టెంబర్‌లో వాదించినవాణ్ని నేనే. ఇప్పటికీ సగం నమ్ముతున్నా. మా వాడికి ఆ 2,700 ఎంత అవసరమో చూశాను కాబట్టి. మిగతా సగం మాత్రం ఆ క్యాలెండర్ చూశాక అంత గట్టిగా లేదు. నష్టం ఎటూ పోదు, ఎవరో ఒకరి దగ్గర ఆగుతుంది. ముగ్గురూ తలా కొంచెం పంచుకునే ఆప్షన్ ఏ యాప్‌లోనూ కనపడలేదు. యాప్ తన కమీషన్ వదులుకుంటే, ఓనర్ సగం ఇస్తే, అతిథి సగం వదిలేస్తే... ఇదంతా కోడ్ రాయడానికి పెద్ద కష్టమేమీ కాదు. నా పనే అది కాబట్టి చెబుతున్నా. రాయమని ఎవరూ అడగరంతే.

తిరిగొచ్చే రోజు పొద్దున మాస్టారి భార్య రెండు పొట్లాలు తెచ్చిచ్చారు. ఒకదాంట్లో కాఫీ పొడి, ఒకదాంట్లో పావుకిలో మిరియాలు. డబ్బు తీయబోతే ‘మీక్కాదు’ అన్నారు. ‘ఆ విజయవాడ అబ్బాయి వాళ్లమ్మకివ్వండి. వంటింట్లో డబ్బాలన్నీ పోయుంటాయి కదా, మళ్లీ మొదట్నుంచీ నింపుకోవాలి.’

రాత్రి వైజాగ్‌లో రైలెక్కాం. విజయవాడ ఎప్పుడొచ్చిందో తెలియదు, నిద్రలోనే దాటిపోయింది. తెల్లవారుజామున మెలకువ వస్తే మ్యాప్ తెరిచి చూశా. కేసముద్రం దగ్గరికొచ్చాం. తలుపు దగ్గరికెళ్లి అద్దంలోంచి చూశా, చీకట్లో ఏమీ కనపడలేదు. రైలు వేగం కూడా తగ్గలేదు. తల కింద పెట్టుకున్న బ్యాగులోంచి బోగీ అంతా కాఫీ వాసన.